సాక్షి గింజలు

మా భూగర్భశాస్త్ర విభాగంలో పదకొండుమంది డాక్టరేట్లు, ఇద్దరు గుమాస్తాలు, ఒక ముప్ఫైగారు ఉండేవారు. డాక్టరేట్లు మేడ మీద, గుమాస్తాలు కింద, ముప్ఫైగారు వాళ్లందరికీ కింద, నేలమాళిగలో. ఆ భవనానికి ప్లాను గీసినవాడెవడో గాని బుద్ధిమంతుడు. ఎవరి బరువు ఎవరు మోస్తున్నారో చూడగానే తెలిసేట్టు గీశాడు. ముప్ఫైగారి గదికి ఒకవైపు జనరేటరు, ఇంకోవైపు నీళ్ల మోటారు. రెండూ ఆడుతున్నప్పుడు ఆయనతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. రెండూ ఆగినప్పుడు ఆయనే మాట్లాడతారు, అది ఇంకా కష్టం.

ముప్ఫై అన్నది ఆయన పేరు కాదు, వయసు అసలే కాదు. రాయి లోపల ఏముందో మైక్రోస్కోపులో చూడాలంటే దాన్ని పలుచని బిళ్లగా కోసి, గాజుపలకకు అంటించి, వెలుగు దానిలోంచి దూరేదాకా అరగదీయాలి. ఎంతదాకా అంటే ముప్ఫై మైక్రాన్లదాకా. మన తలవెంట్రుక అంతకు రెట్టింపు లావుంటుంది. ముప్ఫై ఒకటి ఉంటే ఆయనకు నిద్ర పట్టదు. ఇరవై తొమ్మిదికి దిగితే ఎదుటివాళ్లను నిద్రపోనివ్వరు. అలా ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు అంటుకుపోయింది. మర్యాద తప్పకూడదు కాబట్టి అంకెకు ‘గారు’ తగిలించి పిలిచేవాళ్లం, అదీ చాటుగా. ఎదురుగా అయితే ‘మాస్టారూ’ అనేవాళ్లం.

ఇరవై ఎనిమిదో ఏట, ఎవరికో చెయ్యి విరిగితే మూడు నెలల కోసమని తాత్కాలికంగా వచ్చారట. ఆ చెయ్యి అతుక్కుంది, ఆ మనిషి వేరే ఉద్యోగం చూసుకున్నాడు, ఈయన ముప్ఫై ఒక్క ఏళ్లు ఉండిపోయారు. రోజూ ఇనప చక్రం మీద గరుకు పొడి, తర్వాత నడిమి పొడి, తర్వాత మెత్తటి పొడి, చివర్న గాజు మీద చేత్తోనే. రాయితో పాటు ఆయన వేళ్లూ అరిగాయి. విభాగంలో వేలిముద్రల హాజరు యంత్రం పెట్టిన రోజున అది పదకొండుమంది డాక్టరేట్లను గుర్తుపట్టింది, ఈయన్ను పట్టలేదు. వేలు మార్చి వేలు పెట్టినా ‘ఈ వ్యక్తి లేరు’ అనే చూపించింది. అప్పట్నుంచి ప్రతి నెలా తను తనేనని విభాగాధ్యక్షుడి చేత సంతకం పెట్టించుకుని ఆఫీసులో ఇచ్చేవారు. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి నెలకోసారి అలాంటి కాగితం రాయాల్సి రావడం మిగతా రోజుల్లో మాకు ఎలా తగిలేదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన ఇంట్లో పిన్నిగారు, అంటే ఆయన భార్య, కుట్టుమిషను మీద నాలుగు వీధుల బట్టలు కుట్టేవారు. కూతురు బడిలో లెక్కలు చెప్పేది. వీళ్లిద్దరితో ఆయనకు ఏ గొడవా లేదు. గొడవంతా బావమరిదితో. బావమరిది బీమా కంపెనీలో ఉన్నాడు. వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే “ఏం బావా, ఇంకా రాళ్లే అరగదీస్తున్నావా” అని అడుగుతాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే ప్రశ్న, అదే నవ్వు. ఈ ప్రశ్నకు ఒక్కసారి గట్టి జవాబు చెప్పాలన్నది ముప్ఫైగారి కోరిక. మా విభాగం నుంచి వెలువడిన ప్రతి పరిశోధనా వ్యాసాన్నీ ఆయన ఆఖరి పేజీ నుంచి చదివేవారు. అక్కడ ‘స్లయిడులు తయారుచేసిన సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఉంటుంది. ఆ సిబ్బంది అంతా కలిపి ఆయనొక్కరే. పేరు రాయడానికి మాత్రం ఎవరికీ చోటు సరిపోయేది కాదు.

నేను ఆ విభాగంలో పరిశోధక విద్యార్థినిని. అప్పటికి ఐదో ఏడు. చుట్టాలు ‘ఇంకా చదువేనా’ అని అడగడం మానేసి, జబ్బుమనిషిని చూసినట్టు చూడటం మొదలుపెట్టిన దశ. నా గైడు మా ప్రొఫెసర్‌గారు. ఉల్కలు పడి ఏర్పడిన బిలాలంటే ఆయనకు ప్రాణం. ఉపగ్రహ చిత్రంలో గుండ్రంగా ఏది కనిపించినా అక్కడ ఉల్క పడిందనే ఆయన నమ్మకం. నేను చేరేనాటికే మూడు బిలాలు కనిపెట్టి ఉన్నారు. మొదటిది పాత రాళ్ల క్వారీ అని తేలింది. రెండోది ఎండిపోయిన చెరువు. మూడోది మాత్రం నిజంగానే పైనుంచి పడ్డదానివల్ల ఏర్పడింది. కాకపోతే పడేసింది సైన్యం, అది వాళ్లు బాంబులు పరీక్షించుకునే మైదానం.

నాలుగోది నా వంతుకు వచ్చింది. ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పున్న గుంత. చుట్టూ గట్టులా లేచిన నల్లరాయి, మధ్యలో ముళ్లపొదలు. మూడు వేసవులు అక్కడ డేరా వేసుకుని ప్రతి రాతి పొరా ఎటు వాలి ఉందో దిక్సూచి పెట్టి కొలిచాను. ఉల్క పడితే గట్టు రాళ్లు బయటికి వాలాలి. బయటికి వాలిన రాయి కనిపిస్తే ప్రొఫెసర్‌గారు “చూశావా” అనేవారు. లోపలికి వాలినది కనిపిస్తే “ఇది తర్వాత జారిపోయింది” అనేవారు. ఏ రాయీ ఆయన మాట కాదనడానికి వీల్లేకుండా ఏర్పాటు చేశారు. ఒకరోజు జీపు డ్రైవరు, ఇంతకీ ఆ పడిన ఉల్క ఏదండీ అని అడిగాడు. పడ్డ వేడికి ఆవిరైపోయిందని ప్రొఫెసర్‌గారు చెప్పారు. డ్రైవరు కాసేపు ఆలోచించి, అంటే దొంగ దొరక్కపోవడమే దొంగతనానికి రుజువన్నమాట అని, బండి కింద దూరి ఏదో బిగించుకున్నాడు.

గుండ్రంగా ఉన్నంత మాత్రాన, వాలినంత మాత్రాన ఎవరూ ఒప్పుకోరు. అసలైన రుజువు పలుగురాతి, అంటే క్వార్ట్జ్, గింజల్లో ఉంటుంది. ఉల్క గుద్దిన దెబ్బకు పలుగు గింజ లోపల సన్నని తిన్నని గీతలు పక్కపక్కనే పడతాయి, రూళ్ల పుస్తకంలో ఉన్నట్టు. భూమి తనంతట తాను ఎంత నలిపినా ఆ గీతలు రావు. అవి దొరికితే బిలం. దొరక్కపోతే గుంత. నా డాక్టరేటు కూడా ఆ గీతల్లోనే ఇరుక్కుని ఉంది.

మూడో వేసవిలో గుంత నడిమధ్యన రెండు నిలువుల లోతు గొయ్యి తవ్వించి, అడుగునున్న బూడిదరంగు మట్టిగడ్డను తెచ్చాం. నా చేత్తోనే సంచీలో కట్టి నూట పన్నెండు అని అంకె వేశాను. అది ముట్టుకుంటే పిండైపోయే గడ్డ. ముప్ఫైగారు దాన్ని చూసి పెదవి విరిచారు. రాయి తెమ్మంటే రొట్టెపిండి తెచ్చావన్నారు. ఇలాంటివాటిని జిగురులో నానబెట్టి, గట్టిపడ్డాక కోయాలి. దాని గురించి రెండు మాటలు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

బిళ్ల ముప్ఫై మైక్రాన్లకు దిగిందని ఎలా తెలుస్తుందంటే, పలుగు రంగును బట్టి. మైక్రోస్కోపు అద్దాల మధ్య పలుగు పసుపుగా కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు, లేత బూడిదరంగుకు దిగితే సరిపోయినట్టు. మరి రాయిలో పలుగు లేకపోతే? ముప్ఫైగారి పద్ధతి ఏమిటంటే, బిళ్ల పక్కన అంచులో తన దగ్గరున్న నాలుగైదు పలుగు గింజలు కూడా జిగురుతో అంటించి, రెంటినీ కలిపి అరగదీస్తారు. గింజలు బూడిదరంగుకు దిగగానే చెయ్యి ఆపేస్తారు. వాటిని ‘సాక్షులు’ అనేవారు. ఎడమ అంచున సాక్షులుంటాయని మా అందరికీ తెలుసు, అటువైపు చూసేవాళ్లం కాదు. సాక్షుల కోసం ఒక చిన్న రేకు డబ్బాలో శుభ్రమైన పలుగు నలగగొట్టి పెట్టుకునేవారు.

నూట పన్నెండో నంబరు స్లయిడు మేడ మీదికి వెళ్లిన గంటకు ప్రొఫెసర్‌గారు కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లారు. తర్వాత నన్ను పిలిచారు. చూశాను. బూడిద మట్టి మధ్యలో ఐదు పలుగు గింజలు, ఐదింటిలోనూ గీతలు. సన్నగా, తిన్నగా, పక్కపక్కనే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. శాస్త్రం మీద ప్రేమతో అని చెప్పుకోవాలని ఉంది గాని, ఆ క్షణంలో నాకు కనిపించింది చుట్టాల ముఖాలు.

ఇక ఇల్లు పీకి పందిరి వేశారు. నెలలోపే వ్యాసం సంక్షిప్తంగా రాసి సదస్సుకు పంపాం. ఒప్పుకున్నారు. ఒక పత్రిక విలేకరి వచ్చి, ప్రొఫెసర్‌గారిని సుత్తి పట్టుకోమని ఫోటో తీసుకున్నాడు. ఆ ఊపులో ప్రొఫెసర్‌గారికి ఎన్నడూ లేని ఉదారత పుట్టుకొచ్చి, వ్యాసానికి నాలుగో రచయితగా ముప్ఫైగారి పేరు పెట్టారు. ఆయన అసలు పేరేమిటో కనుక్కోవడానికి గుమాస్తాను జీతాల రిజిస్టరు తీయమన్నారు. సదస్సు వాళ్లు అచ్చువేసిన పుస్తకం వచ్చిన రోజున ముప్ఫైగారు దాన్ని మొదటి పేజీ నుంచి చదవడం నేను మొదటిసారి చూశాను. సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లారు. పిన్నిగారు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ చూపించారట, అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా. బావమరిది ఫోను చేసి, ఈసారి పాత ప్రశ్న అడగలేదు. “ఏదో కనిపెట్టావట కదా” అన్నాడు. ఆ ఒక్క వాక్యాన్ని ముప్ఫైగారు నాకు వారంలో నాలుగుసార్లు వినిపించారు.

సదస్సుకు ఇంకా రెండు వారాలుండగా ప్రొఫెసర్‌గారు అదే గడ్డ నుంచి మరో పది స్లయిడులు చేయించారు, అక్కడికి వచ్చే పెద్దవాళ్లకు చూపించడానికి. పదింటిలోనూ గీతలున్న గింజ ఒక్కటి లేదు. ప్రొఫెసర్‌గారు వాటిని పక్కన పెట్టి, ముప్ఫైగారిని పిలిపించి, చెయ్యి తప్పుతోందని, వయసు మీద పడుతోందని, ఇదివరకులా శ్రద్ధ లేదని అన్నారు. ఆయన అనకుండా ఉండాల్సింది. ముప్ఫైగారిని తిట్టినా పడేవారేమో గాని, ఆయన చేతిని అంటే పడరు. చిన్నబోయిన ముఖంతో కిందికి దిగి, నూట పన్నెండు చేసిన రోజు నుంచి తను వాడిన ప్రతి పొడినీ, ప్రతి డబ్బానూ బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టారు. తన చెయ్యి తప్పలేదని రుజువు చేయడమే ఆయన ఉద్దేశం.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నన్ను పిలిచారు. మోటారు ఆగి ఉంది, జనరేటరూ ఆగి ఉంది, ఆయనా మాట్లాడటం లేదు. మైక్రోస్కోపు వైపు చెయ్యి చూపించారు. చూస్తే పలుగు గింజలు, ఇరవై దాకా. ప్రతి గింజలోనూ గీతలు.

“గుంతలోవా మాస్టారూ?” అన్నాను, సంతోషం ఆపుకోలేక.

“డబ్బాలోవి” అన్నారు.

ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. నూట పన్నెండు చేసిన రోజున సాక్షుల డబ్బా ఖాళీ అయింది. కొత్తది నలగగొట్టడానికి బద్ధకించి, పాఠాల గదిలోని పాత సొరుగులో పలుగు పొడి ఉన్న డబ్బా కనిపిస్తే అందులోంచి చిటికెడు తీసుకున్నారు. డబ్బా మీద చీటీ ఎప్పుడో ఊడిపోయింది. అది నలభై ఏళ్ల కిందట ఒక ముసలి మాస్టారు, ఎక్కడో సముద్రాల అవతల నిజమైన ఉల్క పడిన నిజమైన బిలం నుంచి విద్యార్థులకు చూపించడానికి తెచ్చుకున్న రాతిపొడి. చీటీ ముక్క సొరుగు అడుగున దొరికింది. ఆరోజు జిగురు పలుచనై, అంచున పెట్టిన సాక్షులు ఈదుకుంటూ మట్టి మధ్యలోకి వెళ్లిపోయాయి. మా గుంతలో మూడు వేసవులు వెతికి మేం పట్టుకున్న రుజువు వేరే దేశం వాళ్లది.

ఇక్కడ నేనేం చేశానో రాయాలి. ఇంతసేపూ అందరినీ ఎకసెక్కాలాడినదాన్ని, నా వంతు వచ్చేసరికి కలం తడబడితే బాగుండదు. నేను తలుపు వేశాను. ఆ ఐదు గింజలూ డబ్బావే అనడానికి రుజువేముందని అడిగాను. చేసినవాణ్ణి నాకు తెలీదా అన్నారాయన. ఒకవేళ రెండు డబ్బావి, మూడు గుంతవి కావచ్చు కదా అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. అప్పుడు శాస్త్రం వదిలేసి అసలు విషయంలోకి దిగాను. ఐదేళ్లు అన్నాను. స్కాలర్‌షిప్పు ఆఖరి నెలలన్నాను. చివరికి, ఆయన మెత్తబడే చోటు నాకు తెలుసు కాబట్టి, సరిగ్గా అక్కడే వేలు పెట్టాను.

“మీ పేరు కూడా పోతుంది మాస్టారూ. పిన్నిగారికి ఏం చెప్తారు? ఆ బావమరిదిగారికి ఏం చెప్తారు? సదస్సు అయ్యేదాకా ఆగండి. తర్వాత మనమే నిదానంగా చెబుదాం.”

ఆయన మైక్రోస్కోపు దీపం ఆర్పేశారు. డబ్బా మూత పెట్టి, “సరే అమ్మాయ్” అన్నారు.

తర్వాత తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజులూ నేను బాగా పనిచేశాను. పటాలు గీశాను, పట్టికలు వేశాను, ప్రొఫెసర్‌గారు చదవబోయే ప్రసంగంలో ‘తిరుగులేని’ అన్న మాట రెండు చోట్ల నేనే చేర్చాను. ముప్ఫైగారు మాత్రం ఒక్క స్లయిడూ చేయలేదు. చక్రం ఆగి ఉండేది. గరుకు పొడి అయిపోయిందని ఒకరోజు, నడుం నొప్పని ఇంకోరోజు చెప్పారు. ఒకసారి తొంగిచూస్తే కుర్చీలో కూర్చుని కిటికీ వైపు చూస్తున్నారు. నేలమాళిగ కిటికీలోంచి కనిపించేది పైన నడిచేవాళ్ల కాళ్లే. నా చెప్పులు ఆయన గుర్తుపడతారని తెలుసు కాబట్టి అటు నడవడం మానేసి, వెనక మెట్లెక్కి వెళ్లేదాన్ని.

ప్రయాణానికి ముందురోజు ప్రొఫెసర్‌గారు మేడ మీద పెద్ద గదిలో ప్రసంగం సాధన చేస్తున్నారు. డాక్టరేట్లందరూ వరసగా కూర్చున్నారు. గోడ మీద నూట పన్నెండో స్లయిడు బొమ్మ, మనిషెత్తున. ‘తిరుగులేని’ మొదటిసారి వచ్చింది. రెండోది రాబోతుండగా తలుపు తెరుచుకుని ముప్ఫైగారు లోపలికి వచ్చారు. ఎవరూ పిలవకుండా ఆయన మేడెక్కడం ముప్ఫై ఒక్క ఏళ్లలో అదే మొదలు. ఒంటి మీద పొడి అంటిన అంగీ, చేతిలో డబ్బా.

“సార్, ఆ గింజలు గుంతవి కావు. నా డబ్బావి.”

ప్రొఫెసర్‌గారు కళ్లజోడు తీసి, తర్వాత మాట్లాడదాం, నువ్వు కిందికి వెళ్లు అన్నారు. ముప్ఫైగారు కదల్లేదు. తర్వాతంటే మీరు బండెక్కేస్తారు సార్, ఇప్పుడే చూడండి అని, గది మూలనున్న మైక్రోస్కోపు కింద తన స్లయిడు పెట్టి పక్కకు తప్పుకున్నారు. సాక్షుల సంగతి, జిగురు సంగతి, చీటీ సంగతి అన్నీ వరసగా చెప్పారు. వేలు అరిగిపోయి యంత్రానికి కూడా పనికిరాని మనిషి, పదకొండుమంది ముందు నిలబడి ఇది నేను చేసిన తప్పు అని చెప్పడానికి ఎవరి సంతకమూ అడగలేదు.

ప్రొఫెసర్‌గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. లేచేసరికి ఆయన వయసు నాకు మొదటిసారి తెలిసింది. నేను ఆయన్ను ఇంతసేపు ఆడిపోసుకున్నాను గాని, ఆ తర్వాత ఆయన చేసిన పనిని తప్పుపట్టలేను. అక్కడే నిలబడి సదస్సు వాళ్లకు ఫోను చేసి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. ఫోను పెట్టేశాక ముప్ఫైగారి వైపు తిరిగారు.

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

నేను మూడో వరసలో ఉన్నాను. ఒళ్లో నోటు పుస్తకం. ముప్ఫైగారు నా వైపు చూడలేదు. గోడ మీది బొమ్మను చూశారు.

“ఎవరికీ తెలీదు సార్. పొద్దున్నే బయటపడింది.”

నేను లేచి నిలబడాల్సిన క్షణం అదే. కాళ్లు రెండూ సవ్యంగానే ఉన్నాయి. లేవలేదు. పుస్తకంలో ఆ రోజు తేదీ వేసుకున్నాను, ఏదో రాసుకుంటున్నట్టు.

తర్వాత అందరం మళ్లీ గుంతకు వెళ్లాం. మళ్లీ గొయ్యి తవ్వాం, ఒకటి కాదు నాలుగు. ఈసారి ముప్ఫైగారిని కూడా తీసుకెళ్లారు, గడ్డలు తవ్విన చోటే జిగురు పోయాలని. లోకంలో సగం రాళ్లను కోసి చూసిన మనిషి, అవి వచ్చిన చోటును చూడటం అదే మొదటిసారి. జీపు దిగి గట్టు మీద నిలబడి, ఇంత పెద్దదా అన్నారు. గుంత అడుగుదాకా నడిచి, ఒక నల్లరాయి మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. నలభై స్లయిడులు చేశారు. సాక్షులుగా కిటికీ గాజంత స్వచ్ఛమైన పలుగు తనే నలగగొట్టుకున్నారు, డబ్బా మీద రెండు చీటీలు అంటించారు. నలభైలో ఒక్కదాంట్లోనూ గీత లేదు. ముప్ఫైలో ఒక్క మైక్రానూ తేడా లేదు.

ఆ గుంత ఎందుకు ఏర్పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడం మీద నేను మూడొందల పేజీలు రాశాను, ఎక్కడా ఉల్క అన్న మాట రాకుండా జాగ్రత్తపడి. డాక్టరేటు ఇచ్చారు. మౌఖిక పరీక్ష సభలో ఒక పెద్దాయన నా నిజాయితీని మెచ్చుకున్నారు, అనుకున్నది తేలకపోయినా ధైర్యంగా ఒప్పుకున్నానట. నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ వంచడం అందరికీ నచ్చింది.

సదస్సు పుస్తకం కొన్నవాళ్లందరికీ ఒక సవరణ చీటీ పంపారు. ‘సాంకేతిక సిబ్బంది పొరపాటు వల్ల ఈ వ్యాసం ఉపసంహరించడమైనది.’ అందులోనూ పేరు లేదు. ఆయనకు రావాల్సిన రెండేళ్ల ఉద్యోగ పొడిగింపు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. వీడ్కోలు సభలో డాక్టరేట్లు ఒక్కొక్కరూ లేచి ఆయన నైపుణ్యం గురించి మాట్లాడారు. ఇద్దరికి ఆయన అసలు పేరు గుర్తురాక మధ్యలో నీళ్లు నమిలారు. బావమరిది కూడా వచ్చాడు. చివరికి రాయే నిన్ను అరగదీసింది బావా అన్నాడట, భోజనాల దగ్గర. పిన్నిగారు తమ్ముడి ఆకు ముందు నుంచి కూర గిన్నె తీసేసి లోపలికి వెళ్లిపోయారని విన్నాను.

నాకు ఉద్యోగం వచ్చాక వాళ్లింటికి వెళ్లాను. రెండు గదులు, కుట్టుమిషను, దాని పక్కన మడతపెట్టిన బట్టలు. ఆయన కిటికీ పక్కన కూర్చుని పిన్నిగారికి గుండీలు రంగుల వారీగా వేరుచేసి పెడుతున్నారు. నన్ను చూసి సంతోషించారు, డాక్టరమ్మా అని ఆటపట్టించారు. పిన్నిగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక, ఎన్నాళ్లుగానో అడగాలనుకుంటున్నది అడిగేశాను. ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు మాస్టారూ అని. నన్ను కాపాడటానికి అంటారనుకున్నాను. క్షమాపణ అడగడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుని వచ్చాను.

ఆయన గుండీలు ఆపలేదు.

“నీ పేరు చెబితే తొమ్మిది రోజులు ఆగానని కూడా చెప్పాలి కదమ్మాయ్. వాళ్లంతా తెలిసిన రోజే చెప్పాననుకుంటున్నారు. మీ పిన్నీ అలాగే అనుకుంటోంది. మా ఆయన పొద్దున తెలిస్తే సాయంత్రం కాకముందే చెప్పేశాడని వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటుంది. నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని అలా ఉండనీ.”

పిన్నిగారు టీ తెచ్చారు. నా పక్కనే కూర్చుని, సరిగ్గా ఆ మాటే మొదలుపెట్టారు. పొద్దున తెలిసిందట, సాయంత్రం కూడా కానివ్వలేదట, ఇలాంటి మనిషిని ఎక్కడైనా చూశావా అని నన్నే అడిగారు. ఆయన తల ఎత్తలేదు. ఒక్క మైక్రాను తేడా కూడా ఓర్చుకోలేని మనిషి, తన ఇంట్లో తన భార్య నోట రోజూ ఒక అబద్ధం వింటూ కూర్చుంటున్నారు. ఆ అబద్ధం నేను పెట్టింది.

“లేదు పిన్నిగారూ, ఎక్కడా చూడలేదు” అన్నాను.